మా యింటికి వచ్చిన కిల్టు

విరాటపర్వము చదివిన సోదరీమణులకు ఉత్తర కోరిన కోరిక జ్ఞప్తియందుండును. అన్న యుద్ధమునకు బయలుదేరుచుండగా ఆ బాలిక బృహన్నలను జూచి, కౌరవవీరుల మేలివస్త్రములు తన బొమ్మలకై తెచ్చి యిమ్మని యడిగెను. అర్జునుడును ఆ మాట మరువలేదు. సమ్మోహనాస్త్రముచే శత్రువులు మైమరచియుండగా ద్రోణ కృపుల తెల్లని వస్త్రములును, కర్ణుని పసుపుపచ్చని వస్త్రమును, అశ్వత్థామ దుర్యోధనుల నీలివస్త్రములును తెప్పించెను. చిన్ననాడు మా తండ్రిగారు ఈ ఘట్టము చెప్పునపుడు మా ధ్యాస యుద్ధముమీద గాక బొమ్మలమీదనే యుండెడిది. అంత పెద్దవారి వస్త్రములు అంత చిన్న బొమ్మలకు ఎట్లు సరిపడినవి? కత్తిరించిరా? మడిచి కుట్టిరా? అని యడిగితిమి. తండ్రిగారు నవ్వి, "ఆ సంగతి కవి చెప్పలేదమ్మా, ఆడువారికి విడిచిపెట్టినాడు" అనిరి.

ముప్పదియేండ్లకు, స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమున, ఒక సిపాయి వస్త్రమును ఒడిలో పెట్టుకొని కూర్చుండినపుడు ఆ ప్రశ్న మరల మాకు ఎదురైనది.

మావారు ఇచ్చటి యొక పాఠశాలలో గణితోపాధ్యాయులు. మేము గోదావరితీరము విడిచి వచ్చి ఆరు సంవత్సరములైనది. ఈ దేశమున రాబర్టు బర్న్సు అను కవి 1759వ సంవత్సరము జనవరి 25వ తేదీని జన్మించెను. ఏటేట ఆ దినమున ఇంటింటను, పాఠశాలలందును విందు చేసి, ఆయన పాటలు పాడి, 'కేలీ' యను గుంపునాట్యము లాడుదురు. ఆ సాయంకాలము ఉపాధ్యాయులును పెద్దతరగతి బాలురును కిల్టు ధరింతురు. మావారు ఐదేండ్లును నల్లని కోటుతోనే పోయి ఒక మూల కూర్చుండి వచ్చిరి. ఆరవయేట తరగతి ముగిసినపుడు ఒక బాలుడు, "అయ్యా, ఈసారి మీరును కిల్టు కట్టెదరా?" అని యడిగెనట. మావారు మొదట దానిని పరిహాసమనుకొనిరి. ఇల్లు చేరి ఆలోచింపగా అది పరిహాసము కాదు, పిలుపు అని తోచినది.

అయినను ఆయనకు రెండు సంకోచములు. "మనము కట్టిన అది బట్ట యగునా, వేషమగునా?" అనునది మొదటిది. రెండవది చరిత్ర చదివినవారికి గలుగునది. "1803లో అస్సయీయొద్ద మరాఠాలమీద నడచినది 78వ హైలాండరుల దండు. 1857లో లక్నోకు నడచినవారిలోను ఆ కిల్టువారే యున్నారు. ఆ గుడ్డను నేను నడుమునకు చుట్టుకొనవలెనా?" అనిరి. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయినది. కాని పిలిచిన పిల్లవానికి ఏమి చెప్పవలయును?

కొన్నాళ్ళకు మావారే మరియొక సంగతి తెచ్చిరి. 1746లో బ్రిటిషు ప్రభుత్వము, తిరుగుబాటు నణచిన పిదప, స్కాట్లండులోని పురుషులును బాలురును ఈ ఉడుపు ధరింపరాదని చట్టము చేసెను. ధరించినవానికి మొదటిసారి ఆరునెలల చెర, రెండవసారి సముద్రములకావల ఏడేండ్ల ప్రవాసము. సైన్యములో చేరినవారికి మాత్రము మినహాయింపు. ఆ చట్టము రద్దగువరకు, అనగా 1782 దాక, ఒకడు తన తాతల బట్టను నిర్భయముగా కట్టవలెనన్న, దానిని నిషేధించిన రాజుకే సిపాయి కావలసివచ్చెను. "గెలిచినవాని గుడ్డ యనుకొంటిని. ఓడినవాని గుడ్డ కూడ ఇదియే" అని మావారనిరి. ఆయన సంకోచము అంతటితో తీరెనని చెప్పము. వెదకుటకు మాత్రము ఒప్పుకొనిరి.

ఇక వెదకుట మా వంతు. చేతితో కుట్టిన క్రొత్త కిల్టు వెల అనేక వందల పౌండ్లు. పండుగనాటికి బాడుగకు దొరకును గాని, ఒక్క రాత్రికి అచ్చుకొనిన సొమ్ము తెల్లవారిన పిమ్మట తిరిగి రాదు. యాత్రికుల దుకాణములలో అమ్మునవి సన్నని కృత్రిమపు నూలువి. అవి నిజముగా వేషములే. నడిమి దారి యొకటి కలదు: సైన్యము వాడి, తనకు అక్కరలేదని అమ్మివేసిన కిల్టులు. దళమైన ఉన్ని, గట్టి కుట్టు, అందుబాటు వెల. మేము ఆ దారి పట్టితిమి; పట్టి, మొదటి అడుగులోనే జారితిమి.

మావారు షరాయి కొనునపుడు నడుము కొలత ముప్పదినాలుగు అంగుళములని చెప్పుదురు. దూరపు ఊరి దుకాణములో ముప్పదినాలుగు అంగుళముల గార్డన్ రెజిమెంటు కిల్టు ఉన్నదని తెలిసి, ఇంటిఖర్చులో నాలుగు నెలలు మిగిల్చిన సొమ్ముతో తెప్పించితిమి. విప్పి చూడగా ఎంత సొగసు! నీలము, నలుపు, ఆకుపచ్చ గళ్ళు. ప్రతి కుచ్చెల నడుమను పసుపుపచ్చని గీత యొక్కటి నిట్టనిలువుగా దిగుచుండెను. మావారు కట్టుకొనిరి. ముందటి పలకలు రెండును ఒకదానినొకటి అందుకొనలేక ఆయాసపడినవి. క్రింది యంచు మోకాలు దాటి పిక్కలమీదికి దిగినది. బిగువును అదే, పొడవును అదే! మావారు అద్దము ముందు నిలిచి, "దీనిలో నా బీజగణితము కుదరలేదు" అని నవ్విరి. మాకు నవ్వు రాలేదు. దుకాణదారుని తప్పు ఏమియు లేదు, ఆయన కొలతలు సరిగనే వ్రాసెను. తప్పు మాది.

ఆ రాత్రి కత్తెర చేత పట్టుకొని కూర్చుంటిమి. మూడంగుళములు క్రింద కత్తిరించి, అంచు మడిచి కుట్టినచో పొడవు సరిపోవును గదా యను ఆశ. కుట్టుపని తెలిసినవారి గర్వము కూడ కొంత యుండెను. ఏమి తోచెనో, కత్తెర దింపి, మరునాడు పొరుగువారు చెప్పిన యొక వృద్ధురాలి యింటికి మూట పట్టుకొని పోతిమి. ఆమె నలువదియేండ్లు కిల్టులు కుట్టినది. గ్లాస్గో స్త్రీలు ప్రేమతో పలుకరించునపుడు 'హెన్' అందురు, అనగా కోడిపెట్ట! ఆమె మా కత్తెర మాట విని, "హెన్, ఆ మాట నా యెదుట అంటివి, మరెక్కడను అనకుము" అని కుర్చీ చూపి కూర్చుండబెట్టినది. ఆనాడు ఆమె నేర్పినది సోదరీమణులకు ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాము.

కిల్టును నేలపై పరచినచో అది పావడ కాదని తెలియును. చుట్టుకొను బట్ట అది. మన పెద్దలు మడి కట్టుకొను చీర వలెనే రమారమి ఎనిమిది గజముల పొడవు. రెండు కొనలయందు కుచ్చెళ్ళు లేని వెడల్పు పలకలుండును. నడుమ నంతయు కుచ్చెళ్ళే. కట్టుకొనునపుడు కుచ్చెళ్ళు వెనుకకు పోవును, పలకలు ఒకదానిపై నొకటి ముందుకు వచ్చును. లోపలి పలక పట్టీ ఎడమ ప్రక్క నున్న సన్నని కంతనుండి వెలికి వచ్చి బిగియును. పైపలక కుడిప్రక్కన బిగియును. మనము కుచ్చెళ్ళు ఉదయము పోసి రాత్రి విప్పుదుము. వీరు ఒక్కసారి పోసి, నడుమునుండి పిరుదులదాక కుట్టివైతురు. ఆ కుట్టిన భాగమున ప్రతి కుచ్చెలయు నడుమువైపు సన్నగిల్లుచు పోవును. అందుచేత చీర ఎవరు కట్టిన వారికి ఒదుగును. కిల్టు మాత్రము మొదట కట్టినవాని యొడలిని జ్ఞాపకముంచుకొనును.

క్రింది యంచు కత్తిరింపరాదనుటకు కారణమిది. ఆ అంచునకు మడతకుట్టు లేదు. మగ్గముమీద నేసిన అంచే కిల్టు క్రిందియంచు. దానిని కోసి మడిచి కుట్టినచో, ప్రతి కుచ్చెల కొనయు దళమై, కుచ్చెళ్ళన్నియు గొడుగువలె పైకి లేచును. పైన కోసినచో సన్నగిల్లిన నడుము భాగము పోయి, బట్ట జారును. పొడవు మార్చుట యనగా విప్పి, క్రొత్తగా కుట్టుటయే. నడుము మాత్రము తోలుపట్టీలను, బకిళ్ళను జరిపి ఒకటి రెండంగుళములు ఇటునటు మార్చవచ్చును. కావున పాత కిల్టు కొనువారు మొదట పొడవు చూడవలయును, పిమ్మట పిరుదుల కొలత, చిట్టచివర నడుము. మేము సరిగా తలక్రిందులుగా చేసితిమి!

కొలతలు మూడు. నడుము కొలత షరాయి కట్టు చోట గాదు, నాభి మట్టమున తీయవలెను. దుకాణపు షరాయి ముప్పదినాలుగు అన్నవాని నాభి మట్టము ముప్పదియేడు కావచ్చును; మావారిది అంతే. పిరుదుల కొలత మిక్కిలి వెడల్పైన చోట, టేపు బిగింపక తీయవలెను. పొడవు నాభినుండి మోకాలిచిప్ప నడిమివరకు. సైన్యపు కిల్టులు నడుమునకు పైన మరి రెండంగుళములు ఎగబ్రాకునట్లు కుట్టబడును గనుక, పైయంచు నుండి క్రిందియంచువరకు గల కొలతను చూచి భయపడక, బకిలు మట్టమునుండి కొలువవలెను. కట్టిన పిమ్మట మోకాళ్ళమీద నిలిచినచో అంచు నేలకు తాకీ తాకకుండ నుండవలయును. వెనుక కుచ్చెళ్ళు నిలువుగా దిగవలెను. అవి నోరు తెరచినచో పిరుదులవద్ద బిగువు, కుంగినచో వదులు.

"మరి దీనిని ఏమి చేయుదుము?" అని గార్డన్ కిల్టును చూపితిమి. ఆమె కుచ్చెళ్ళను చేతితో దువ్వుచు, "కోయవద్దు. దాచుము. దీనికి తగిన యొడలు ఎక్కడనో యున్నది. ఆరడుగుల సన్నని పిల్లవాడు" అన్నది.

అప్పటినుండి ఆదివారములు సంతలు తిరుగుట మా పని యైనది. గ్లాస్గో తూర్పుభాగమున 'బారాస్' అను వారపు సంత కలదు. శని, ఆదివారములందు పాతసామాను అంతయు అచ్చటికి చేరును. పేరు పోయిన రెజిమెంటుల కిల్టులు అచ్చటచ్చట కనబడుచుండును. ఆ పేర్ల కథయు విచారకరమే. సీఫోర్తు, కామెరన్ దండులు 1961లో కలిసి ఒకటైనవి. 1994లో గార్డన్ వారు వారితో కలిసిరి. 2006లో స్కాట్లండు కాల్బలపు దండులు పెక్కు ఒకే రెజిమెంటై, ముదురునీలము, ఆకుపచ్చ, నలుపు గల 'గవర్నమెంటు టార్టను' ధరించుచున్నవి. దీనినే 'బ్లాక్ వాచ్' అనియు పిలుతురు. సీఫోర్తు వారి మెకంజీ గళ్ళలో తెలుపు, ఎరుపు గీతలుండును. లండన్ స్కాటిష్ దండు కిల్టునకు గళ్ళే యుండవు, బూడిదవన్నె. ఇట్లు గీతలు చూచి కులము చెప్పుట మాకు అలవాటైనది!

ఎవరి టార్టను ఎవరు కట్టవచ్చును అను విషయమున చట్టమేదియు లేదు. మర్యాద మాత్రము కలదు. ఒక రెజిమెంటు గీతలు చూచిన వృద్ధసైనికుని మనస్సు కదలవచ్చును. ఆ రెజిమెంటు బిళ్ళలు ధరించుట మాత్రము తగదు. బ్లాక్ వాచ్ గళ్ళను ఎవరు కట్టినను తప్పుగా తలపరు. పరదేశులమైన మాకు అదియే మేలని నిశ్చయించుకొంటిమి.

పాత కిల్టును పరీక్షించుట పాత పట్టుచీరను పరీక్షించుట వంటిదే. వెలుతురునకెదురుగా పట్టి చిమ్మటకొట్టిన కంతలు చూడవలెను. కుచ్చెళ్ళ లోపలి కంత కనబడదు. ముందరి పలకలోని కంత దాగదు. తోలుపట్టీలు ఎండి పెళుసైనను భయములేదు, క్రొత్తవి కుట్టవచ్చును. లోపలి తెల్లగుడ్డ చిరిగినను అంతే. ఆ లోపలి గుడ్డమీద సైన్యపు ముద్రయుండును: బాణపు గుర్తు, సంవత్సరము, కొలతలు. నవంబరు మాసమున నొక తడి ఆదివారమునాడు అట్టి ముద్రగల కిల్టు మాకు దొరికినది. బ్లాక్ వాచ్ గళ్ళు, బాణపు గుర్తు, 1951. సంచిలోని టేపు తీసి కొలిచితిమి. పొడవు ఇరువదిమూడున్నర. పిరుదులు సరి. నడుము ఒక అంగుళము తక్కువ. వెల మొదటిదానిలో సగము. మావారు బేరమాడబోగా మేమే వారించితిమి.

ఇంటికి తెచ్చినపుడు అసలు యుద్ధము మొదలైనది. ఆ శీతకాలమున మా అత్తగారు రాజమహేంద్రవరమునుండి వచ్చి మాయొద్ద నుండిరి. ఆమె మూట విప్పి చూచి, చేయి వెనుకకు తీసికొనిరి.

"ఇదెవరి గుడ్డే, అమ్మాయీ?"

"ఒక సిపాయిదండీ, అత్తయ్యగారూ."

"చచ్చాడా, ఉన్నాడా?"

"తెలియదండీ."

"తెలియకుండానే మావాడి నడుముకి చుడతావా? చచ్చినవాడి గుడ్డ చాకలికి వేస్తాం గాని, ఇంట్లోకి తెచ్చుకుంటామా?"

మేము చదివిన చదువంతయు సహాయమునకు పిలిచితిమి. "అత్తయ్యగారూ, ఇది ఉన్నియే గదా. మడికి ధావళి కట్టుకొనునపుడు దానిని దినదినము తడుపుచున్నామా? ఉన్నికి మైల లేదని మీరే చెప్పిరి గదా" అంటిమి. ఆమె మమ్ము తేరిపార జూచి, "ధావళికి మైల లేదు. కట్టుకున్నవాడికి ఉసురుంటుంది" అని లోపలికి పోయిరి. దానికి శాస్త్రములలో బదులు మాకు దొరకలేదు.

మావారు తల్లిమాట కాదనరు. మమ్మును ఏమియు అనలేదు. కిల్టును సంచిలో కట్టి, చిమ్మట గ్రుడ్లు చచ్చుటకై ఫ్రీజరులో రెండువారములు ఉంచవలెనని ఆ వృద్ధురాలు చెప్పియుండెను. అట్లే ఉంచితిమి. ఆ రెండు వారములును ఇంటిలో దాని మాట ఎవరును ఎత్తలేదు. అత్తగారు బఠానీలకై ఫ్రీజరు తెరచినపుడెల్ల ఆ సంచిని ప్రక్కకు జరిపి, ఏమియు ననక మూసెడివారు.

రెండువారములైన పిమ్మట కిటికీకడ కూర్చుండి, కుచ్చెళ్ళను ఒక్కొక్కటిగా విప్పి చూచుచుంటిమి. లోపలి గుడ్డమీద సంవత్సరము క్రింద, సిరాతో వ్రాసిన సంఖ్య యొకటి సగము చెరిగియుండెను. పేరు లేదు. లోపలి పలక మూలలో రూపాయంత చోట, చినిగినదానిని ఎవరో రఫూ చేసియుండిరి. ఆకుపచ్చదారము దొరకక కాబోలు నల్లదారముతో కుట్టిరి. కుట్లు ఎక్కువతక్కువలు, ఒకటి పొడుగు, రెండు పొట్టి, ముడి పైకే కనబడుచున్నది. అత్తగారు అటుగా పోవుచు ఆగిరి. కుట్టు చూచి ఊరకుండుట ఆమెకు చేతగాదు. "ఇదెవరు కుట్టారే ఇంత చండాలంగా?" అని కళ్ళజోడు పెట్టుకొని వంగిరి.

"సిపాయియే కుట్టుకొనియుండునండీ. ఈ దేశపు సైన్యమున సిపాయికి సూదులు, దారము, గుండీలు గల చిన్న గుడ్డసంచి ఇచ్చెడివారట. చినిగినది వాడే బాగుచేసికొనవలెను. ఆ సంచిని 'హౌస్‌వైఫ్' అనెడివారు."

"అంటే?"

"ఇల్లాలు అని అర్థమండీ."

అత్తగారు నవ్వబోయి మానిరి. "ఎంత వయసువాడో" అనిరి. మావారు పుస్తకమునుండి తలయెత్తి, ఆ దినములలో ఈ దేశమున పదునెనిమిదేండ్లు నిండిన యువకులు రెండు సంవత్సరములు సైన్యమున పనిచేయవలెనను నిర్బంధ ముండెననియు, 1960తో ఆ పిలుపులు నిలిచిపోయెననియు చెప్పిరి. "వీడును అట్టివాడే అయియుండవచ్చునమ్మా. బ్రతికియున్నచో ఇప్పటికి తొంబదేండ్లు దాటియుండును."

అత్తగారు చాలసేపు ఆ రఫూమీద వ్రేలుంచి కూర్చుండిరి. ఆమె చిన్నతమ్ముడు సైన్యములో చేరి, 1971వ సంవత్సరమున తిరిగిరాలేదని మాకు తెలియును. ఆమె ఆ మాట ఎత్తలేదు. మేమును ఎత్తలేదు. కడకు లేచి, "పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి సూది పట్టుకోవడం ఏం వస్తుంది! నీళ్ళలో మాత్రం జాడించాలి. అది లేకుండా నేనొప్పుకోను" అనిరి.

ఉన్నిని వేడినీట నానవేసినచో కుదించుకొని బిరుసెక్కును. కావున మొదట ప్రతి కుచ్చెలకును పొడుగాటి టాకాలు వేసి కదలకుండ చేసితిమి. అత్తగారు ఒక కొననుండి, మేమొక కొననుండి. వారు సర్దిన కుచ్చెళ్ళు మావానికంటె తిన్నగా వచ్చినవి. అరువదియేండ్లుగా కుచ్చెళ్ళు పోసిన చేయి గదా. పిమ్మట స్నానపుతొట్టెలో చల్లని నీరు పోసి, ఉన్నికి తగిన సబ్బుతో, పిండక, రుద్దక, నొక్కి తీసితిమి. మొదటి నీరు కాఫీవలె దిగెను. నాలుగవసారికి తేట యైనది. తుండుగుడ్డలపై పరచి ఆరవేయగా మూడుదినములు పట్టినది. టాకాలు విప్పకయే తడిగుడ్డ పైన వేసి ఇస్త్రీ నొక్కితిమి. ఇస్త్రీపెట్టెను లాగరాదు, ఎత్తి దింపవలెను. టాకాలు విప్పినపుడు కుచ్చెళ్ళన్నియు గ్రంథపు పుటలవలె వరుసగా వ్రాలినవి.

తోలుపట్టీలు క్రొత్తవి తెచ్చి, ఒక అంగుళము జరిపి కుట్టితిమి. ఇంతకంటె జరిపినచో ముందటి పలకలు చాలినంత కప్పవని వృద్ధురాలు హెచ్చరించియుండెను. చినిగిన లోపలిగుడ్డ మార్చునపుడు, ముద్రయు సంఖ్యయు నున్న ముక్కను మాత్రము తీయలేదు. రఫూను విప్పి సరిచేయుదుమా యని అత్తగారి నడిగితిమి. "ఊరుకో. వాడు కుట్టుకున్నది వాడిదే" అనిరి.

జనవరి వచ్చెను. మావారు తెల్లచొక్కా, మేజోళ్ళు, ఆ కిల్టు ధరించి నిలిచిరి. తల్లియెదుట మోకాళ్ళమీద నిలిచిరి. కొలత చూచుటకే నిలిచితినని ఆయన చెప్పుదురు; మాకు మాత్రము మరియొకటిగా తోచినది. అంచు నేలకు తాకీ తాకలేదు. అత్తగారు వెనుకకు పోయి, తొలగిన యొక కుచ్చెలను సర్ది, "వెళ్ళిరా" అనిరి.

ఆ రాత్రి పాఠశాలలో ఎవరును నవ్వలేదు, ఎవరును ఆశ్చర్యపడలేదు. అదియే మాకు ఆశ్చర్యము. ఐదు సంవత్సరములు మూల కూర్చుండినాయన ఆ వలయములో తప్పుటడుగులు వేయుచు తిరుగుచుండగా, పిల్లలు చేయి పట్టి లాగి దారిలో పెట్టుచుండిరి. వరుసలో చివర ఒక పొడుగాటి బాలుడు షరాయితో నిలిచియుండెను. కిల్టు బాడుగకు సొమ్ము లేక మానుకొనెనని మరునాడు మావారికి తెలిసినది. ఆరడుగులు, సన్నని నడుము. మేము అలమర తెరచి గార్డన్ కిల్టును తీసితిమి. మావారు అది తమకు పట్టుటలేదని, దాచుటకు చోటు లేదని చెప్పి యిచ్చిరట. నిజమే గదా! వేసవిలో పాఠశాల విడుచు విందునాడు ఆ బాలుడు దానిని కట్టుకొనిన ఛాయాచిత్రమును మాకు చూపిరి. పసుపుపచ్చని గీతలు నిట్టనిలువుగా దిగుచుండెను. పొడవు సరిగా మోకాలి నడిమికి. ఆనాటి కత్తెర మాకు జ్ఞప్తికి వచ్చి, ఒడలు జలదరించినది.

అస్సయీ, లక్నో మాటలు మావారు మరువలేదు. ఆ దండుల పేరు చదివినపుడు ఇప్పటికిని ఆయన మొగము ముడుచుకొనును. కాని మాయింటి అలమరలో నున్నది ఒక దండు కాదు. సూది పట్టుకొనుట రాని యొక పిల్లవాని బట్ట. రెండును నిజమే. ఒకదానికొరకు రెండవదానిని కత్తిరింపనక్కరలేదని మేము నేర్చుకొంటిమి.

అత్తగారు వసంతమున స్వదేశము చేరిరి. పోవునపుడు కిల్టు సంచిలో కర్పూరపు బిళ్ళలు వేసిరి. ఇప్పుడు వారమునకొకసారి ఫోనులో మాటలాడునపుడు కొడుకు ఆరోగ్యము, మనుమరాలి చదువు అడిగి, చివర తప్పక అడుగుదురు:

"ఆ పిల్లవాడి గుడ్డ ఎండలో వేశావటే?"

"గ్లాస్గోలో ఎండ ఎక్కడిదండీ, అత్తయ్యగారూ" అందుము. "వచ్చినప్పుడు వెయ్యి" అందురు. ఎండ వచ్చినపుడు వేయుచున్నాము.